అణియం బరువు

నమోదు 1
నీళ్ళొచ్చిన అరవై ఒకటో ఏడు, కార్తీకం

ఇది ఒకటో నంబరు ప్రాణప్పడవ పుస్తకం. కడుతున్నది పెమ్మాడి నూకరత్నం, తాళ్ళరేవు దిబ్బ. మొదటి పలక అతికించిన రోజు పుస్తకం తెరవాలి, పడవ విరిచేసిన రోజు మూయాలి. మధ్యలో దానికి జరిగినదంతా కట్టినవాళ్ళే రాయాలి. మా తాతల నాటి నుంచీ దిబ్బ మీద ఉన్న ఆచారమే ఇది. రేవు సభవాళ్ళు దాన్ని చట్టం చేసి, తామే కనిపెట్టినట్టు చాటింపు వేసుకున్నారు. వేసుకోనీ.

కొలతలు మాత్రమే రాయాలని ఆ చట్టంలో ఉంది. అది నాకు చేతకాదు. నోరు ఊరుకున్నా చెయ్యి ఊరుకోదు.

ఇవాళ అచ్చు శుభ్రం చేసి, కొబ్బరిపీచు పలకల మొదటి వరస పరిచాం. జిగురు వాసనకి కళ్ళు మండుతున్నాయి. మంచినీళ్ళ పడవ రెండు రోజులుగా రాలేదు. కార్ఖానాలో నలభై మందిమి ఉన్నాం. వంటకి వాననీళ్ళు, స్నానానికి దేవుడి దయ.

నమోదు 2
మార్గశిరం, రెండో వారం

సభ ఇంజినీరు హైమావతి వచ్చింది. బాగా చదువుకున్న పిల్ల, నెమ్మదస్తురాలు, కానీ పడవ దిగేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాలో ఇంకా తెలియదు. ఉప్పు బ్యాటరీతో తిరిగే మోటార్లు వచ్చాక అందరికీ ఒకటే ధీమా. చేతిపెట్టె అంత మోటారు పాత డీజిలు ఇంజన్లు పది చేసే పని చేస్తుంది. ఇక వేగానికి అడ్డేముందని ఆమె అడిగింది. నీళ్ళున్నాయి అన్నాను.

రేవులోకి తీసుకెళ్ళి మా పాత పొట్టపడవ చూపించాను. గుండ్రటి అడుగు, ముప్పై ఆరు అడుగుల పొడవు. పోతున్నకొద్దీ ముందొక అల, వెనకొక అల తానే లేపుకుంటుంది. గంటకు పదిహేను కిలోమీటర్లు వచ్చేసరికి ఆ రెండు అలల మధ్య గోతిలో కూర్చుంటుంది. అక్కడినుంచి ఎంత మోటారు పెట్టినా తను లేపిన అల తనే ఎక్కలేక తోకభాగం నీళ్ళలోకి దిగిపోతుందే తప్ప ముందుకు పోదు. ఆ తోకభాగాన్ని మేము అమరం అంటాం, ముక్కుభాగాన్ని అణియం అంటాం. హైమావతి ఆ రెండు మాటలూ చేతిలోని రాతపలక మీద రాసుకుంది.

అది దాటాలంటే పడవ నీటిని తోసుకుంటూ పోకూడదు, నీటి మీదికెక్కి జారాలి. జారాలంటే అడుగు చదునుగా ఉండాలి. చదునుగా ఉంటే ప్రతి అల చెంపదెబ్బ కొడుతుంది, లోపల పడుకున్న రోగికి నడుం ఉండదు. అడుగు కోసుగా, కత్తి అంచులా చేస్తే అలను కోసుకుంటూ మెత్తగా పోతుంది, కానీ లోతుగా కూర్చుని వేగాన్ని తినేస్తుంది. అందుకే ముందు కోసుగా, వెనక చదునుగా చేస్తాం. ఎంత కోసు, ఎంత చదును అన్నదే మా బతుకుతెరువు. వేగం, మెత్తదనం, నిలకడ అన్నీ ఒకే పడవలో కావాలంటే పెళ్ళికొడుకు దగ్గరే కుదరదు, పడవ దగ్గర ఏం కుదురుతుందమ్మా అన్నాను. నవ్వలేదు.

నవ్వకుండా లెక్క చెప్పింది. పోయిన వానల్లో మా వైపు దిబ్బల మీద పందొమ్మిది మందిని కట్లపాము కరిచింది. పెద్దాపురం మెట్ట మీది ఆసుపత్రి ఇక్కడికి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. మునిగిన కాకినాడ మీదుగా పొట్టపడవల్లో రెండున్నర గంటలు. పందొమ్మిది మందిలో పదకొండు మంది దారిలోనే పోయారు. ముప్పై అయిదు నిమిషాల్లో తెస్తే దాదాపు అందరినీ బతికిస్తామని డాక్టర్లు అంటున్నారట. అంటే నీళ్ళ మీద డెబ్బై కిలోమీటర్ల వేగం కావాలి. ఇలాంటివి పన్నెండు పడవలు కావాలి.

ఇంకో రెండు షరతులున్నాయి. ఆసుపత్రి రేవు నుంచి మెట్ట మీదికి పడవను రోగితో సహా లేపే లిఫ్టు పన్నెండు వందల కిలోలే మోస్తుంది, కాబట్టి అన్నీ కలిపి అంతకు మించకూడదు. బ్యాటరీ అమరం చివర ఉండాలి, ఎందుకంటే రేవుల్లో బ్యాటరీ మార్చే అరుగులు అక్కడికే సరిపోయేలా కాంక్రీటు పోసేశారు. పడవ తయారవకముందే రేవు తయారైందన్నమాట. మాఘం లోపల నావల్ల కాకపోతే తుని వైపు కార్ఖానాకి ఇస్తారట.

అవుతుందన్నాను.

నమోదు 3
పుష్యం

నమూనా పడవ అరవై మూడు దగ్గర ఆగిపోయింది. వెనక కోసు పన్నెండు డిగ్రీలుంటే ఎనిమిదికి దించాను, అరవై ఆరు వచ్చింది. అయిదుకి దించాను. దాదాపు బల్లలా ఉంది. డెబ్బై వచ్చింది. మా నాన్న ఉంటే చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

బరువు తూచాం. పడవ, మోటారు, బ్యాటరీ, ముగ్గురు మనుషులు కలిపి పదకొండు వందల తొంభై కిలోలు. పది కిలోలు మిగిలింది. ఆ పది కిలోలకీ సరిపడా రంగు వేయమంటారా అని మా మేస్త్రీ వెటకారం.

సరంగు తాతబ్బాయి రోజూ వచ్చి పడవను తడిమి వెళ్తున్నాడు. మల్లాడివాళ్ళబ్బాయి, నాకన్నా నాలుగేళ్ళు చిన్న, ముప్పై ఏళ్ళుగా పడవ తోలుతున్నాడు. నేను కట్టిన పడవ తప్ప ఇంకోటి ఎక్కడు. ఒకటో నంబరు అతనికే ఇమ్మని సభకి నేనే చెప్పాను.

నమోదు 4
మాఘం, ఏకాదశి

మొదటి తోలుడు జరిగింది. గరిష్ఠ వేగం డెబ్బై ఒకటి. నడక సవ్యం. మలుపు సవ్యం.

సభవాళ్ళు ఎరగరు కనుక ఇక్కడి పద్ధతి రాస్తున్నాను. కొత్త పడవను మొదటిసారి తోలేటప్పుడు కట్టినవాళ్ళు అణియంలో కూర్చోవాలి. పడవ బుద్ధి వంకరైతే ముందు మునిగేది వాళ్ళే. కట్టినోడు ముందు, ఎక్కినోడు వెనక అని మా దిబ్బ మీద సామెత. పక్కన కొత్త కుండలో నీళ్ళు, బియ్యం మూట, కొబ్బరికాయలు, గుమ్మడికాయ పెడతారు. మా నాన్న నలభై ఎనిమిది కిలోల మనిషి, అణియంలో కూర్చుంటే కాకి వాలినట్టుండేది. నేను తొంభై రెండు. నేను కూర్చోగానే తాతబ్బాయి, "అక్కా, ఇంకా గుమ్మడికాయ దేనికి" అన్నాడు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను.

రోగికీ నర్సుకీ బదులు ఇసుక బొమ్మలు పెట్టాం. హైమావతి ఒడ్డు మీంచి వేగం కొలిచి, సంతకం పెట్టింది.

నమోదు 5
ఫాల్గుణం

పన్నెండు పడవలూ నీళ్ళలో ఉన్నాయి. మొదటి నెలలో ఇరవై ఆరు మందిని మెట్టకి చేర్చారు, ఇరవై ఆరుగురూ బతికారు. గాడిమొగ దిబ్బ మీది ఒక ముసలమ్మ నాకు ఎండురొయ్యలు పంపింది. వద్దనలేకపోయాను. తినలేకపోయాను కూడా.

నమోదు 6
చైత్రం

మిగతా సరంగులు గొణుగుతున్నారు. అరవై దాటితే అణియం తలూపుతోందట. పైకి లేస్తుంది, పడుతుంది, మళ్ళీ ఇంకాస్త పైకి లేస్తుంది. లివరు తగ్గిస్తే ఆగుతుంది, కానీ ముప్పై అయిదు నిమిషాలు దాటితే సభ సంజాయిషీ అడుగుతుంది. అందుకని ముగ్గురు నలుగురు అణియంలో ఇసుక బస్తా వేసుకుని తోలుతున్నారు. తనిఖీలో హైమావతి ఆ బస్తాలు తీయించేసింది. లిఫ్టు మోయదు, రాతపత్రంలో లేదు, కట్టిన ఆమే సవ్యమని రాసింది కదా అందట. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? రాశాను.

తాతబ్బాయి మాత్రం బస్తా వేసుకున్నవాళ్ళని ఎగతాళి చేస్తున్నాడు. రత్నమక్క కట్టిన పడవకి బస్తా ఏంట్రా, మీకు తోలడం రాక పడవని అంటారా అని రేవులో దెబ్బలాడాడట. ఈ మాట నాతో ఎవరో మెచ్చుకోలుగా చెప్పారు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

నాలుగో నమోదులో ఒక సంగతి రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి తోలుడులో, వేగం డెబ్బై మీద ఉండగా, తాతబ్బాయికి కొబ్బరిముక్క ఇద్దామని అణియంలోంచి లేచి వెనక్కి నాలుగడుగులు వేశాను. పడవ తలూపింది. ఒకటి, రెండు, మూడు. మూడోసారి నా కాళ్ళ కింద అడుగు ఖాళీ అయింది. తాతబ్బాయి నవ్వుతూ, "కూకో అక్కా, నువ్వు లేత్తే పడవ బెంగెట్టుకుంటంది" అన్నాడు. వెళ్ళి కూర్చున్నాను. ఆగిపోయింది.

ఆ సాయంత్రమే లెక్క వేసుకున్నాను. నేను, కుండ, బియ్యం, కాయలు అన్నీ కలిపి నూట ముప్పై రెండు కిలోలు. ఆ బరువు అణియంలో ఉన్నంతసేపూ పడవ బుద్ధిగా ఉంది. అది తీసేస్తే మోటారూ బ్యాటరీ అమరంలో, కింద చదును అడుగు, ముందు ఏమీ లేదు. మా తాతల పొట్టపడవల్లో ముందెవరు కూర్చున్నా ఒకటే. నీటి మీద జారే పడవలో అదే సర్వం. పడవలో మోసం లేదని చూపించడానికి పెట్టిన ఆచారం పడవలోని మోసాన్ని కప్పేసింది. ఇది మేము తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు. మరో ఊళ్ళో అయితే అణియం ఖాళీగా ఉంచి తోలి, మొదటిరోజే పట్టుకునేవాళ్ళు.

ఎంత బరువు పెడితే చాలో కూడా లెక్క తేలింది. యాభై అయిదు కిలోలు. నా దగ్గర ఉన్నది పది. బ్యాటరీ ముందుకు జరపాలంటే కాంక్రీటు అరుగులు పగలగొట్టాలి. అడుగు మార్చాలంటే అచ్చు మళ్ళీ చేయాలి, మూడు నెలలు పడుతుంది, పడవలు తునికి పోతాయి. కార్ఖానాలో నలభై మంది. అదంతా నిజమే. కానీ ఇన్ని సాకులు రాస్తున్నానంటే, అసలు కారణం వేరే ఉంది. డెబ్బై ఒకటి అని అందరూ చప్పట్లు కొట్టారు. అది నాకు నచ్చింది.

తాతబ్బాయికి చెప్పాను అనుకుంటూ వచ్చాను. అప్పగించిన రోజు, ముందు కాస్త బరువుంటే మంచిదిరా అన్నాను. నా ఒళ్ళు గురించి నేనే వేళాకోళం చేసుకుంటున్నానని అతను నవ్వాడు. నేను సరిదిద్దలేదు. రేపెప్పుడైనా చెప్పానని చెప్పుకోవడానికి ఎంత కావాలో అంతే చెప్పాను.

రేపు హైమావతి దగ్గరికి వెళ్తాను.

నమోదు 7
వైశాఖం, ఆరో రోజు

వెళ్ళలేదు. పదిహేను రోజులు గడిచాయి. ఒకరోజు తుఫాను గాలి, ఒకరోజు జ్వరం, ఒకరోజు జిగురు పీపాలు వచ్చాయి. వెళ్ళాలని లేనివాడికి వాకిలి కూడా అడ్డమే.

ఇవాళ పొద్దున పదకొండింటికి ఒకటో నంబరు తిరగబడింది.

కోరంగి దిబ్బ మీద వలలు అల్లే ఓలేటి బుల్లియ్యని కట్లపాము కరిచింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. తాతబ్బాయి, నర్సు ఎస్తేరు అతన్ని ఎక్కించుకుని బయలుదేరారు. జగన్నాథపురం మునిగిన చోట ఎదురుగాలికి చిన్న అలలున్నాయి. వేగం అరవై ఎనిమిది. అణియం మూడుసార్లు తలూపిందని, నాలుగోసారి దిగి అలలో గుచ్చుకుందని ఎస్తేరు చెప్పింది. ఆమె భుజం విరిగింది. తాతబ్బాయికి పక్కటెముకలు విరిగాయి. బుల్లియ్య బతకలేదు.

విషం వల్ల కాదు. రోగి దొర్లకుండా మంచానికి రెండు బెల్టులతో కట్టాలని నిబంధన. పడవ బోర్లా పడ్డప్పుడు అతను దానికి కట్టేసి ఉన్నాడు.

ఆ బెల్టుల కొక్కేలు బిగించింది నేనే. ఊడిరాకుండా మూడుసార్లు లాగి చూశాను.

నమోదు 8
వైశాఖం, తొమ్మిదో రోజు

మెట్ట ఆసుపత్రికి వెళ్ళాను. దారంతా చెప్పాల్సిన మాటలు వరస పెట్టుకున్నాను. తాతబ్బాయి నన్ను చూసి లేవబోయి, లేవలేక పడుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే అతను మొదలుపెట్టాడు.

"తప్పు నాదేనక్కా. అలుంటే లివరు తగ్గించాలని ఎర్రి ఎదవక్కూడా తెలుసు. నేను తగ్గించలేదు. నీ పడవకేం లేదు. ఇచారణలో పడవని ఒక్క మాట అననివ్వను."

అతని భార్య పక్కనే కూర్చుని ఏడుస్తోంది. సరంగు చీటీ ఎలాగూ పోతుందని, జైలు కూడా ఉంటుందంటున్నారని చెప్పింది. మీరైనా సభలో ఒక మంచిమాట చెప్పండి వదినా అంది. చెప్తానన్నాను. అప్పటికి అదే చెప్పగలిగాను. కమలాపండ్లు తీసుకెళ్ళాను, అవి బల్ల మీద పెట్టి వచ్చేశాను. నా మీద నాకే రోత పుట్టింది.

నమోదు 9
వైశాఖం, పన్నెండో రోజు

విచారణ పదిహేనో తారీఖున. ఈ పుస్తకం పట్టుకురమ్మని కబురొచ్చింది.

ఆరో నమోదు ఉన్న కాగితం చింపడానికి బ్లేడు తీశాను. అబద్ధం ఎందుకు, తీశాను. కుట్టు పుస్తకం కదా, ఆ కాగితం చింపితే దానికి జతగా ఉన్న మరో కాగితం ఊడుతుంది. అందులో కూడా ఏముందో చూసుకుని, అదీ తిరగరాయొచ్చు. చేతిరాత నాదే, సిరా నాదే. ఎవరికీ తెలియదు. తాతబ్బాయి ఎలాగూ ఒప్పేసుకున్నాడు. నా పని అతనే చేసిపెట్టాడు.

అలా కూర్చుని ఉండగా రేవులో ప్రాణప్పడవ బూర మోగింది. నాలుగో నంబరు. దాన్ని తోలే మనిషి ముందు బస్తా వేసుకునేవాడు, ఇప్పుడు వేసుకోవడానికి వీల్లేదు. కిటికీలోంచి చూస్తే దాని అణియం అప్పుడే తలూపుతోంది. కనుమరుగయ్యేదాకా చూశాను. తర్వాత మెట్ట నుంచి చేరిందన్న కబురు వచ్చేదాకా కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. ఇవాళ బూర మూడుసార్లు మోగింది. పదకొండు పడవలున్నాయి, ఒక్కోదానిలో ముగ్గురు మనుషులు, అందులో ఒకరిని కట్టేసి ఉంచుతారు.

బ్లేడు తీసుకెళ్ళి మేస్త్రీకి ఇచ్చేశాను. పలకలు కొయ్యడానికి.

నమోదు 10
వైశాఖం, పదిహేనో రోజు

విచారణ ఆసుపత్రి రేవులోనే పెట్టారు. సభ పెద్దలు అయిదుగురు, హైమావతి, ఒంటికి కట్లతో తాతబ్బాయి, చెయ్యి మెడకి వేలాడేసుకుని ఎస్తేరు, ఊళ్ళవాళ్ళు. తాతబ్బాయి లేచి తప్పు తనదేనన్నాడు. గుమాస్తా రాసుకోవడం మొదలుపెట్టాడు. రాయడం ఆపమన్నాను.

పుస్తకం వాళ్ళ ముందు పెట్టి, అది చదివేముందు ఒక పడవని తోలనివ్వమని అడిగాను. అణియం ఖాళీగా, ఇసుక బొమ్మలు వాటి చోట్లలో. కట్టినవాళ్ళు అణియంలో ఉండాలి కదా అని సభ పెద్ద ఒకాయన అడ్డుపడ్డాడు. ఇన్నాళ్ళూ అక్కడ కూర్చునే ఈ తప్పు దాచానన్నాను.

రెండో నంబరు అమరంలోకెక్కి లివరు నేనే పట్టుకున్నాను. అరవై రెండు దగ్గర తలూపడం మొదలైంది. అరవై ఆరుకి అణియం పూర్తిగా నీళ్ళు వదిలేసింది, నా ఎదురుగా సముద్రం పోయి ఆకాశం వచ్చింది. మళ్ళీ నీళ్ళు తగిలినప్పుడు పళ్ళు టకటకలాడాయి. ఇంకొక్క ఊపు ఆగి ఉంటే బుల్లియ్య చూసింది నేనూ చూసేదాన్ని. లివరు దించాను. భయం వేసింది. తొలిసారి నేను కట్టిన పడవంటే నాకు భయం వేసింది, ఇలాంటిదాన్నే తాతబ్బాయి చేతికి నవ్వుతూ ఇచ్చాను.

ఒడ్డుకొచ్చాక చెప్పాల్సినదంతా చెప్పాను. మొదటి తోలుడులో లేచి నిలబడటం, మళ్ళీ వెళ్ళి కూర్చోవడం, లెక్క, సవ్యమని రాయడం, అన్నీ. హైమావతి మెల్లగా, బస్తాలు తీయించింది నేనే కదండీ అంది. నేను చెప్పలేదు కాబట్టి తీయించావు, అది కూడా నా ఖాతాలోదే అన్నాను.

సభ ఉత్తర్వు మధ్యాహ్నమే వచ్చింది. తాతబ్బాయి మీద ఏమీ లేదు. అరుగులు పగలగొట్టి, బ్యాటరీలు ముందుకు జరిపేదాకా మిగిలిన పదకొండు పడవలకీ వేగం యాభై అయిదు మించకూడదు. అంటే ఏడెనిమిది నిమిషాలు ఆలస్యం. ఆ ఎనిమిది నిమిషాల వల్ల ఎవరికైనా ఏమైనా అయితే అది కూడా ఈ పుస్తకంలో రాయాలి. నాకు ఇక పడవ కట్టే చీటీ లేదు. కార్ఖానా మేస్త్రీ చేతికి పోయింది. ఇంతకంటే పెద్ద శిక్ష వేస్తారనుకున్నాను.

నమోదు 11
వైశాఖం, పద్దెనిమిదో రోజు

తాతబ్బాయి వచ్చాడు. కర్ర ఊతంతో దిబ్బ ఎక్కి, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. తిడతాడని సిద్ధంగా ఉన్నాను. తిడితే బాగుండును అనుకున్నాను కూడా. తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు.

"తొమ్మిది రోజులక్కా" అన్నాడు. "ముప్పై ఏళ్ళలో తప్పు చెయ్యని సెయ్యి ఆ రోజెందుకు చేసిందా అని తొమ్మిది రోజులు దీన్నే చూత్తా కూకున్నాను. నా చేతినే అనుమానించాను గానీ పడవని అనుమానించలేదు. నువ్వు కట్టావు గదా."

క్షమించమని అనబోయాను, అది అతను ఇవ్వాల్సిన దానం అనిపించి ఆగాను.

"బుల్లియ్య పెళ్ళాం ఆసుపత్రికొచ్చింది. మరిడమ్మ. మంచం మీంచి దిగి ఆయమ్మ కాళ్ళట్టుకుని, నీ మొగుణ్ణి సంపింది నేనేనమ్మా అన్నాను. ఇప్పుడా మాట ఎవరు ఎనక్కి తీసుకుంటారు?"

నేను వెళ్తానన్నాను. అతను తలూపలేదు, వద్దనలేదు. కర్ర చప్పుడు దిబ్బ దిగేదాకా వినిపించింది. మళ్ళీ పడవ తోలుతావా అని అడగాలనుకున్నాను, అడిగే హక్కు నాకెక్కడిది.

నమోదు 12
వైశాఖం, పందొమ్మిదో రోజు

కోరంగి దిబ్బకి పొట్టపడవ మీద వెళ్ళాను, మునిగిన మడచెట్ల మొదళ్ళ మీదుగా. గంటకి పదిహేను కిలోమీటర్లు. ఆ దారి ఇంకా పొడవుంటే బాగుండుననిపించింది.

మరిడమ్మ అరుగు మీద వల ముడులు వేస్తోంది. బుల్లియ్య సగంలో వదిలేసిన వలే అనుకుంటాను. సన్నటి మనిషి కాదు, గట్టి మనిషి. విచారణలో జరిగింది అప్పటికే ఊరంతా తెలుసు. అయినా నా నోటితో మొత్తం చెప్పాను, ఎక్కడా తగ్గించకుండా. తాతబ్బాయి చెప్పినది నిజం కాదని, అతనికే తెలియదని, తెలిసింది నా ఒక్కదానికేనని చెప్పాను. ఆమె ముడులు వేస్తూనే వింది. నేను ఆపాక చేతిలోని దారపు కండె పక్కన పెట్టింది.

ముందు బరువుంటే ఆగేదన్నమాట అని అడిగింది. అవునన్నాను.

"నేను ఎక్కుతానన్నానండి ఆ రోజు. నాలుగో మనిషికి చోటు లేదన్నారు. ముందు ఆ ఖాళీలో కూకుంటానండి, ఆయన మొహం చూత్తా కూకుంటానండి అన్నాను. బరువెక్కువైపోద్ది, నిబంధనొప్పుకోదు, దిగమన్నారు. దిగిపోయాను." ఒళ్ళోని వల పక్కకి నెట్టింది. "నేను అరవై కిలోలుంటానండి. సరిపోయేదా?"

యాభై అయిదు చాలన్న లెక్క నాకు కంఠతా వచ్చు. తెలియదమ్మా అనొచ్చు. సముద్రం సంగతి చెప్పలేమమ్మా అనొచ్చు. ఆమెకి అది కాస్త నిద్ర పట్టించేదేమో. కానీ ఆ పిల్ల నన్ను అడిగింది ఓదార్పు కాదు. తెలిసీ చెప్పకపోవడం ఎలా ఉంటుందో మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికి నేను రెండోసారి చూపించలేకపోయాను.

"సరిపోయేది" అన్నాను.

మరిడమ్మ వంగి అరుగు మీద పడ్డ దారం ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరుకుంది.